బతికున్న మూర్తిగారికి నేను వేసిన దండ

బతికున్న మనిషిని చంపడానికి కత్తీ, తుపాకీ అక్కర్లేదు. ఒక చందనపు దండ, చిటికెడు కుంకుమ, ఎనిమిదో తరగతితో బడికి సెలవు చెప్పిన నాలాంటి వాడొకడు ఉంటే చాలు. ఆ పని నేను న్యూజెర్సీలో పట్టపగలు చేశాను. పోలీసులు రాలేదు. వచ్చినా బాగుండేది, వాళ్ళ కారులోనైనా కాసేపు తల దాచుకునేవాణ్ణి.

ముందు నా సంగతి చెప్పాలి. నన్నందరూ సత్తి అంటారు. మా ఆవిడ విజయ నర్సు. ఆవిడ ఉద్యోగానికి అమెరికా రమ్మంటే, ఆవిడ సూట్‌కేసులతో పాటు నేనూ దిగాను. పిస్కాటవేలో మా గరాజ్‌లో కారు తప్ప అన్నీ ఉంటాయి: సీమంతం కుర్చీ, పెళ్ళి మండపం స్తంభాలు, వాడిపోయే అవసరం లేని ప్లాస్టిక్ అరటిచెట్లు. ఫంక్షన్లకు డెకరేషన్ చేయడం నా వృత్తి. నోరు పారేసుకోవడం ప్రవృత్తి.

ఒకరోజు కేథీ ఫోన్ చేసింది. వైకల్యంతో పుట్టి పెద్దవాళ్ళయిన పిల్లలు పగలంతా గడిపే సెంటర్ ఒకటి మా ఊళ్ళో ఉంది. దాన్ని నడిపేది కేథీ. అంతకుముందు దీపావళికి అక్కడ తోరణాలు కట్టాను, ఆ పరిచయం. సుశీలగారు పోయారనీ, శనివారం సెంటర్‌లోనే సంస్మరణ సభ అనీ, హాలు నేనే సర్దాలనీ చెప్పింది.

సుశీలగారిని నేను చూడలేదు, విన్నాను. ఆవిడా, వాళ్ళాయన మూర్తిగారూ ప్లెయిన్స్‌బరోలో ఉండేవారు. ఆయన ఇంజనీరుగా రిటైరయ్యాక, ఈ పిల్లలను ఇళ్ళ నుంచి సెంటర్‌కి తెచ్చి మళ్ళీ దింపే వ్యాన్ తోలేవారు, జీతం లేకుండా. ఆవిడ పక్కసీట్లో కూర్చుని, ఒక్కొక్కరికీ సీటు బెల్టు పెట్టి, దారంతా కబుర్లు చెప్పేవారు. ఆ వ్యాన్‌కి చక్రాల కుర్చీని పైకెత్తే లిఫ్ట్ ఉంది. అది అప్పటికే మూలుగుతూ లేచేది, మూలుగుతూ దిగేది.

"ఫ్యామిలీ పూలు వద్దన్నారు. పూలకు పెట్టేదేదో ఆవిడ పేరు మీద సెంటర్‌కి ఇమ్మన్నారు, లిఫ్ట్ కొత్తది వేయిస్తాం" అంది కేథీ.

ఇక్కడి పద్ధతి అది. పోయినవాళ్ళ మీద ప్రేమను, వాళ్ళు ప్రేమించిన పనిలో పెట్టడం. మంచి పద్ధతే. కానీ పూలు వద్దని నాతో చెప్పడం, మంగలితో అందరూ జుట్టు పెంచుకుంటున్నారని చెప్పినట్టుంది. రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాను. చందనపు దండ చెక్కతో చేసింది. చెక్క పువ్వెలా అవుతుంది?

మర్నాడు కేథీ రెండు ఫోటోలు పంపింది. ఒకటి సుశీలగారిది. రెండోది మూర్తిగారిది, నల్లటి మీసం, నున్నటి గడ్డం, మనిషి దిట్టంగా ఉన్నాడు. పోయినవాళ్ళ ఫోటో పక్కన, ఇంకా సేవ చేస్తున్నవాళ్ళ ఫోటో పెట్టి ఇద్దరికీ కలిపి కృతజ్ఞత చెప్పడం కేథీ అలవాటట. నాకేం తెలుసు? మన వైపు ఒక పెద్దమనిషి ఫోటో బల్లెక్కి దీపం ముందు కూర్చుందంటే, ఆయన ఇక అభ్యంతరం చెప్పలేని స్థితిలో ఉన్నాడనే లెక్క.

గరాజ్‌లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏమైందండీ?" అంది విజయ.

"ఇద్దరూ పోయారే! యాక్సిడెంట్ అయ్యుంటుంది."

"ఇద్దరూనా? కేథీ ఒక్కరనే కదా చెప్పింది?"

"ఫోటోలు రెండొచ్చాయి."

"ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"చావు కబురు చెప్పిన మనిషికి ఫోన్ చేసి, మొత్తం ఎంతమందండీ అని అడగమంటావా? సంస్కారం ఉండక్కర్లా?"

సంస్కారం అంటే తెలుసుకోకుండా ఉండటమని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం.

శనివారం అందరికంటే ముందు వెళ్ళాను. బల్ల మీద తెల్లబట్ట పరిచి, రెండు ఫోటోలకూ బొట్లు పెట్టి, చందనపు దండలు వేశాను. నిజం దీపం పెడితే పొగ అలారం కూసి ఫైరింజను వస్తుందని బ్యాటరీ దీపాలు పెట్టాను. వెనక్కి జరిగి చూసుకుంటే నా పనికి నాకే ఏడుపొచ్చింది. నేను పోయినా ఇంత బాగా ఎవరు చేస్తారు?

అప్పుడు ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. చిక్కి సగమైన మనిషి. తెల్లగడ్డం. మోచేతుల దగ్గర సాగిపోయిన స్వెటర్. సుశీలగారి ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పక్క ఫోటోకేసి చూసి, నాకేసి చూసి, మళ్ళీ ఫోటోకేసి చూశాడు.

"ఈయన ఎప్పుడు పోయాడు బాబూ?"

తెలియదు అనే మాట నా నోట్లో ఇప్పటివరకూ పుట్టలేదు.

"ఆవిడ వెనకాలే వెళ్ళిపోయారండీ. బెంగ."

"అలాగా. నీకు బాగా తెలుసా ఆయన?"

"ఎంతమాట! ఆదివారం వస్తే మా ఇంట్లోనే టిఫిన్. మా విజయ వేసిన పెసరట్టంటే ప్రాణం."

"ఉల్లిపాయ వేసుకునేవాడా?"

"గుప్పెడు వేయించుకునేవారండీ!"

"ఊఁ" అన్నాడు పెద్దాయన. "మనిషి ఎలాంటివాడు?"

"దేవుడండీ. కాకపోతే ఆవిడ లేకుండా ఒక్కపూట బతకలేరు. పోవడమే మంచిదైంది లెండి పాపం."

ఆయన జేబులోంచి ఒక తాళంచెవి తీశాడు. దాన్ని మూర్తిగారి ఫోటో ముందు, దీపం పక్కన పెట్టాడు.

"ఇది వ్యాన్‌ది. కేథీకి ఇచ్చెయ్యి. ఆయన ఇక రాడని చెప్పు" అని, మొహం కడుక్కోవడానికి బాత్‌రూమ్ వైపు నడిచాడు.

దూరపు చుట్టం కాబోలు, తాళం అప్పగించడానికి వచ్చాడనుకున్నాను. నా తెలివికి దండేసి దణ్ణం పెట్టాలి.

ఇంతలో జనం రావడం మొదలైంది. అందరికంటే ముందు కిట్టు వచ్చాడు. వాడికి డౌన్ సిండ్రోమ్. ముప్పై దాటినా అందరికీ పిల్లాడే. పుట్టింది ఇక్కడే. అమ్మ పోయాక అక్క దగ్గర ఉంటున్నాడు. సుశీలగారు పోయినప్పటి నుంచి మూర్తిగారు సెంటర్‌కి రావడం మానేశారట. వాడు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, వ్యాన్‌లోంచి ఇంకెవరో డ్రైవర్ దిగితే, నేను రాను పొమ్మని కుర్చీలో బిగుసుకుని కూర్చుంటున్నాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మంచి విషయాలన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

కిట్టు బల్ల దగ్గరికి నవ్వుతూ వచ్చాడు. రెండో ఫోటో చూశాడు. దండ చూశాడు. వాళ్ళింట్లో వాళ్ళమ్మ ఫోటోకి అలాంటి దండే ఉంది. నవ్వు ఆగిపోయింది. ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు.

"మూర్తి అంకుల్ కూడా?" అన్నాడు.

నేను పక్కన గొంతుక్కూర్చుని, వీలైనంత మెత్తగా చెప్పాను. "అవున్నాన్నా. ఆంటీ దగ్గరికి వెళ్ళిపోయారు."

"రియల్?"

"నిజంగానే. దేవుడి దగ్గరున్నారు."

వాడు గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే నేను ఓదార్చగలిగేవాణ్ణి. రెండు చేతులతో తన చొక్కానే పట్టుకుని, "నా బెల్ట్ ఎవరు పెడతారు? నా బెల్ట్ ఎవరు పెడతారు?" అని మెల్లగా అంటున్నాడు. వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కేథీ బల్లకేసి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నా కళాఖండానికి చలించిపోయిందనుకున్నాను.

బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంది. గడ్డంలోంచి నీళ్ళు కారుతూ పెద్దాయన బయటికొచ్చాడు.

కిట్టు తలెత్తాడు. గడ్డం వాడిని మోసం చేయలేకపోయింది. "అంకుల్!" అని కేకేసి లేచాడు. నేరుగా వెళ్ళి హత్తుకోలేదు, ముందు నావైపు తిరిగాడు.

"నువ్వు దేవుడి దగ్గర అన్నావ్! హీ వాజ్ ఇన్ ద బాత్‌రూమ్!"

ఆ క్షణంలో హాల్లో నిలబడి ఉన్నవాళ్ళలో నిజంగా పోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

కిట్టు ఫోటో మీంచి దండ లాగేశాడు. ఏం చేయాలో తెలియక దాన్ని ఆయన మెడలోనే వేశాడు. మూర్తిగారు తడిగడ్డంతో, మెడలో తన దండతో నిలబడ్డారు. ఎవరో ఫక్కున నవ్వారు, ఆ నవ్వు సగంలో ఏడుపైంది.

"అంకుల్, ఆంటీ లేదు. నా బెల్ట్?" అన్నాడు కిట్టు.

మూర్తిగారు వాడి నలిగిన చొక్కా సర్దారు. "నువ్వు పెట్టరా. నీదీ, అందరిదీ. ఆంటీ సీట్లో నువ్వు కూర్చో."

"నువ్వు డ్రైవ్ చేస్తావా?"

ఆయన బల్ల దగ్గరికి వచ్చి, దీపం పక్కనున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. నా దగ్గర ఆగారు.

"నేను ఉల్లిపాయ తిననయ్యా" అన్నారు.

కాళ్ళ మీద పడబోయాను. ఆయన భుజం పట్టి ఆపి, మెడలోని దండ తీసి నా చేతిలో పెట్టారు. "కొలత సరిపోయింది, దాచు. ఈసారి వేసేటప్పుడు మాత్రం కిట్టు ఫోటో చూసి తెలుసుకోకూడదు. ముందు పక్కన కూర్చుని చెప్పు."

తర్వాతి ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి ఉల్లిపాయ లేని పెసరట్టు తిన్నారు. "చచ్చేదాకా వచ్చేవాణ్ణని చెప్పావుగా, బతికుండగా రాకపోతే బాగోదు" అన్నారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు వచ్చారు. వ్యాన్‌కి కొత్త లిఫ్ట్ వచ్చింది, దాని పక్కన సుశీలగారి పేరుతో చిన్న రేకు కొట్టారు. కిట్టు పక్కసీట్లో కూర్చుని అందరి బెల్టులూ లాగి లాగి చూసేవాడు.

మొన్న చలికాలంలో మూర్తిగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఈసారి నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. కేథీకి చేశాను, వాళ్ళ అబ్బాయికి చేశాను, మళ్ళీ కేథీకి చేశాను. నిజమే. పూలు వద్దు, ఆయన పేరు మీద సెంటర్‌కి ఇవ్వండి అన్నారు. గరాజ్‌లోంచి ఆ దండే తీశాను.

ఫోటో బ్యాగులోంచి తీయకుండానే, సెంటర్‌లో అదే హాల్లో కిట్టు పక్కన కూర్చున్నాను.

"కిట్టూ, మూర్తి అంకుల్ పోయారు నాన్నా."

వాడు నా చేతిలోని దండకేసి చూశాడు.

"రియల్?"

"నిజంగానే."

"లాస్ట్ టైమ్ కూడా నిజంగానే అన్నావ్."

వాడు లేచి బాత్‌రూమ్ దగ్గరికి వెళ్ళి తలుపు తట్టాడు. "అంకుల్, అయిందా? వ్యాన్ టైమ్ అయింది." కాసేపు ఆగి మళ్ళీ తట్టాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నువ్వు కూడా కొట్టు సత్తి అంకుల్" అన్నాడు.

కొట్టాను. ఇద్దరం ఎదురుచూశాం. నిజం చెబుతున్నాను, నేనూ ఎదురుచూశాను. వాడు తలుపుకి చెవి ఆనించి విన్నాడు.

"వాటర్ సౌండ్ లేదు" అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని తలుపు మీంచి దించాడు. "ఓకే. ఇప్పుడు దండ వెయ్యి."

అందుకని, సకల దేవతల సాక్షిగా, మా గరాజ్‌లోని ప్లాస్టిక్ అరటిచెట్ల సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీద ఎవరు పోయారని ఎవరొచ్చి చెప్పినా, ముందు బాత్‌రూమ్ తలుపు తట్టి, నీళ్ళ చప్పుడు లేదని కిట్టు ఒప్పుకున్నాకే దండ ముట్టుకుంటాను.