కైరో పత్రిక వెనక అట్ట

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. హిందూపురం గ్రంథాలయ కార్యదర్శికి తొమ్మిదేళ్లలో ఇరవైకి పైగా ఉత్తరాలు రాశాను. రెండు రిజిస్టరు చేసి పంపాను. ఆయన సంతకంతో రసీదులు తిరిగొచ్చాయి. జవాబు మాత్రం రాలేదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను పెనుకొండలో బడిపంతులుని. ఉబ్బసం మందుకు ఒక ముసలి హకీమ్ దగ్గరికి పోయేవాణ్ని. వాళ్ల నాయన తెప్పించిన అరబ్బీ పత్రికలు ఆయన దగ్గర పెట్టెడు ఉండేవి. వైద్యానికంటూ కైరోలో ఒక పత్రిక ముందే పుట్టి ఆగిపోయిందనీ, తర్వాత బేరూతులో ఇద్దరు కుర్ర పంతుళ్లు శాస్త్ర మాసపత్రిక పెట్టి, దాన్ని కైరోకు తరలించారనీ ఆయన చెప్పేవారు. కొత్త యంత్రాలకూ రోగాలకూ అరబ్బీలో మాటలు వెతుక్కుంటూ నడిపారట. నాకు నచ్చింది ప్రశ్నల భాగం. ఏ ఊరివాడు ఉత్తరం రాసినా సంపాదకులు పత్రికలోనే బదులిచ్చేవారు.

ఆ పత్రికల చరిత్ర తెలుగులో రాయడం మొదలుపెట్టాను. హకీమ్‌కు అప్పటికే చూపు పోయింది. ఆయన నేర్పిన అక్షరాలతో నేను కూడబలుక్కుని చదివితే ఆయన అర్థం చెప్పేవారు.

ఒక ఆదివారం పెట్టె అడుగున, చుట్టిన కాగితం కూడా విప్పని సంచిక దొరికింది. వాళ్ల నాయన పోయాక వచ్చినది. వెనక అట్ట లోపలివైపు పెనుకొండ పేరుంది. ప్రశ్న హకీమ్ నాయనదే. పక్క పల్లెలో ఒకే బావి నీళ్లు తాగేవాళ్లకు నడుములు ఎందుకు బిగుసుకుపోతున్నాయని.

హకీమ్ ఆ అట్టను వేళ్లతో తడిమారు.

"కైరో వాళ్లు నన్ను లెక్క చేయలేదని సచ్చేదాకా అనుకుంటాండె మా నాయన," అన్నారు. "బదులేముండాదో సదువప్పా."

బదులు ఆరు పంక్తులు, ప్రశ్న కంటే సన్నగా, చీమల్లాంటి అక్షరాలు. నా వల్ల కాలేదు. వచ్చే ఆదివారం భూతద్దం తెస్తానన్నాను.

ఈలోగా నా వ్యాసమూ, హకీమ్ దగ్గర తీసుకున్న ఆ సంచికా సంచిలో పెట్టుకుని హిందూపురం పోయాను. గ్రంథాలయం వార్షిక సంచిక వేస్తోంది. కార్యదర్శి నవ్వాడు.

"ఏమబ్బా, పెనుకొండలో కూకొని కైరో చరిత్ర రాస్తాండావా? రుజువు యాడుండాది?"

నాకు రోషం వచ్చింది. సంచిలోంచి ఆ సంచిక తీసి ఆయన బల్లమీద పెట్టాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

"ఈడ పెట్టిపో. మదరసా అయివారితో సదివించి శుక్రవారానికి పంపిస్తా," అన్నాడు.

శుక్రవారం ఏమీ రాలేదు. ఆదివారం హకీమ్ అడిగారు, "వచ్చెనా?" ఆ పై ఆదివారమూ అడిగారు. మూడో ఆదివారం నా అడుగుల చప్పుడు విని, అడగకుండా చెయ్యి చాచారు. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

మళ్లీ హిందూపురం పోతే, బైండింగుకు ధర్మవరం పంపామన్నారు. అటునుంచి అటే రైలెక్కాను. బైండరు మా సంచికను గ్రంథాలయం వాళ్ల ఇంకో మూడు పత్రికలతో కలిపి కుట్టిన పుస్తకం చేతిలో పెట్టాడు. తెలుగు పుస్తకంలా ఎడమవైపు కుట్టాడు. కుడి నుంచి తెరవాల్సిన మా అరబ్బీ సంచికలో చివరి పుట ముందొచ్చింది. అట్టలు లేవు.

"అట్టలు యాడప్పా?"

"అట్టలెవురికి కావాల సామీ? ఏ పత్రికకైనా పీకేసేదే. మీ సెక్రటరీ అడిగినాడని మూటగట్టి పంపిస్తి. నన్నంటే ఏం లాభం?"

కార్యదర్శిని అడిగితే "చూస్తాంలే" అన్నాడు. నా వ్యాసం వాళ్ల వార్షిక సంచికలో రాలేదు. ఆ వానాకాలమే హకీమ్ పోయారు. పోయే ముందురోజు కూడా, నేను గడప దాటగానే చెయ్యి చాచారు.

ఆ పల్లెవాళ్లు ఇప్పటికీ ఆ బావి నీళ్లే తాగుతున్నారు. నలభై నిండకముందే వంగిపోయి నడుస్తున్నారు. ఆ ఆరు పంక్తుల్లో మందే ఉందో, నీళ్లు మార్చమని ఉందో, తెలియదని మాత్రమే ఉందో నాకు తెలియదు. తెలియదని ఉన్నా సరే, అది వాళ్లకు రావలసిన బదులు.

కార్యదర్శిగారూ, ఎన్నడూ చూడని ఊరివాడు ఉత్తరం రాస్తే కైరో వాళ్లు సముద్రం అవతలి నుంచి బదులిచ్చారు. మీది హిందూపురం, నాది పెనుకొండ. ఆ అట్టల మూట మీ బీరువాలో ఉందా, లేదా? ఒక్క ముక్క రాయండి.