ఎనభై ఎనిమిదేళ్లు

చార్మినార్ దగ్గర బస్సెక్కి ఫోన్ తెరిచాను. ఇంటర్నెట్‌లో మాలాంటి వాళ్లు జీతం లేకుండా రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన క్రూసేడ్ యుద్ధాల వ్యాసాలను వర్గాలుగా సర్దుతున్నాను. జెరూసలేంను ‘క్రూసేడర్ల నగరాలు’ వర్గంలో వేశాను.

“పెద్దమ్మా, అది వాళ్ల ఊరా?” అంది పక్క సీట్లోని బురఖా ఆమె.

“నా ఫోన్ల ఎందుకు చూస్తున్నవ్?” అని కసిరాను.

“నేను చూస్తలేను. నువ్వే గట్టిగ చదువుతున్నవ్. ఎన్నేండ్లున్నరు వాళ్లు ఆడ?”

తేదీల్లో నన్ను తప్పుపట్టినవారు లేరు. “మొదటిసారి 1099ల పట్టుకున్నరు, 1187ల పోగొట్టుకున్నరు. ఎనభై ఎనిమిదేండ్లు.”

“గంతేనా? మా పెద్దలు అరబ్బు దేశంకెల్లి ఈడికి ఫౌజుల కొలువుకొచ్చిండ్రు. మేము బార్కస్‌ల అంతకన్న ఎక్కువనే ఉన్నం. మా తాతకు తాత ఈడనే పుట్టిండు. ఇంకా మమ్మల్ని అరబ్బోళ్లనే అంటరు. వాళ్లకు ఊరే రాసిచ్చినవా? వాహ్ పెద్దమ్మా!”

నాకు ఒళ్లు మండింది. బార్కస్‌లో ఆమె దిగిపోయింది.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి, ఆ వర్గంలోని పద్నాలుగు ఊళ్లనూ ఒక్కొక్కటిగా బయటికి తీశాను. తర్వాత బార్కస్ వ్యాసం తెరిచాను. మొదటి వాక్యంలోనే ‘అరబ్బుల బస్తీ’ అని ఉంది. ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో వెతికాను. రాసింది నేనే.