కత్తెర, జీపు, మీసం

ఆ వీధిలో బట్టలు కుట్టే అక్కకు ప్రాణమైనవి రెండే. ఒకటి చేతి కత్తెర, రెండోది పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చుకున్న ముసలి జీపు. ఆ కత్తెరతో ఎవరైనా కాగితం ముక్క కత్తిరిస్తే ఇల్లు పీకి పందిరి వేసేది. మెకానిక్కైన తన అన్నయ్యను సతాయించి జీపు ఇంజను బాగుచేయించింది. టాపు తనే కుట్టింది, ఆకుపచ్చ రంగూ తనే వేసింది.

“ఇది కొండెక్కితే నేను మీసం తీసేస్తా,” అన్నాడు అన్నయ్య.

“మాట మీద ఉండు మరి,” అని అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాళ్లదారి పట్టింది.

సగం దారిలో జీపు బురదలో కూరుకుపోయింది. మామూలుగా దాని వెనక చక్రాలే లాగుతాయి; నాలుగూ లాగాలంటే కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం నడిమధ్యనున్న గుండ్రటి బిళ్లను చేత్తో తిప్పాలి. అవి ఎంతకీ కదల్లేదు. ముచ్చటపడి వాటికీ రెండు పూతలు రంగేసింది కదా, అంచులు అతుక్కుపోయాయి!

“సింగారం ఎక్కువైంది. దీన్నిక్కడే వదిలేసి నడిచి పోదాం పద,” అన్నాడు అన్నయ్య.

ఆమె పళ్లు కొరికింది. టాపు చిరిగితే కుట్టడానికని తెచ్చిన కత్తెర తీసి, మొనతో రంగు గీకడం మొదలుపెట్టింది.

“ఒసేయ్, కత్తెర మొద్దుబారిపోతుందే!”

“దానికి సాన పట్టిస్తా. నడిచి ఇంటికెళ్తే నా మొహానికెవడు పడతాడు సాన?”

బిళ్లలు కిర్రుమని తిరిగాయి. జీపు బురద చిమ్ముకుంటూ కొండెక్కి కూర్చుంది.

ఆమె కత్తెర తుడిచి అన్నయ్య చేతిలో పెట్టింది.

“మొద్దుబారింది, కాస్త నొప్పెడుతుంది. ఇక మీసం కానియ్!”