ఫర్నేసు మనిషి నేర్పిన ఎండ

మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకని హైదరాబాదు హాస్టల్లో చేరిన ఏడాది, దాని గేర్ల సైకిలు ఉక్కునగరంలోని మా క్వార్టరు బాల్కనీలో దుమ్ము పట్టిపోయి మిగిలింది. నేను గాజువాకలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ బస్సు కోసం నిలబడడం విసుగొచ్చి, ఒక సోమవారం ఆ సైకిలు కిందికి దింపి, గాలి కొట్టించి, చీరకి బదులు చుడీదారు వేసుకుని స్కూలుకి బయల్దేరాను. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు.

మావారు నైటు డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొస్తున్నారు. గేటు దగ్గర ఆగి నన్నూ సైకిలునీ మార్చి మార్చి చూశారు.

"ఏటి మేస్టారూ, బస్సులు బందా?" అన్నారు.

పెళ్ళయిన కొత్తలోనే నాకు ఆ పిలుపు ఖాయమైపోయింది. ఆయనది విజయనగరం దాటాక, జీడితోటల మధ్య ఉండే పల్లె. మాది గోదావరి వైపు. నాకు అయిదేళ్ళప్పుడు మా నాన్న ఉక్కు ప్లాంటులో ఉద్యోగానికని మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా మా ఇంట్లో ఇప్పటికీ రెండు తెలుగులు నడుస్తాయి. ఆయన 'నాను' అంటారు, నేను 'నేను' అంటాను, మా అమ్మాయి ఎవరితో పని ఉంటే వాళ్ళ భాష మాట్లాడుతుంది.

సైకిలు తొక్కడం అలవాటయ్యాక పొద్దున్నే నడక మొదలైంది. నడక ఎప్పుడు పరుగైందో నాకే గుర్తు లేదు. ఈత చిన్నప్పుడే టౌన్‌షిప్పు కొలనులో నేర్చుకున్నాను. ఈ మూడూ కలిపి ఒకే రోజున చేసే పోటీ ఒకటుందని, అది మన సముద్రం ఒడ్డునే పెడుతున్నారని ఎవరో ఫోనులో పంపితే చూశాను. సముద్రంలో రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆ తర్వాత ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి.

అన్నాలు తింటున్నప్పుడు ఆయనకి చెప్పాను. మజ్జిగన్నం కలుపుతూ విన్నారు.

"ఎందుకూ?" అన్నారు.

"చెయ్యగలనేమో చూడాలనుంది."

"సరే. ఎండ మాటేటి మరి?"

ఆయన ఇరవై రెండేళ్ళుగా బ్లాస్ట్ ఫర్నేసు ముందు పనిచేస్తున్న మనిషి. వెండిరంగు కోటు తొడుక్కుని, కరిగిన ఇనుము కాలవలో పారుతుంటే పక్కన నిలబడి చూసుకునే పని. పోటీ మార్చి నెలాఖర్న. పరుగు వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. విశాఖ ఎండలో చెమట ఆరదు, ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. నేను మైళ్ళు లెక్కేసుకుంటుంటే ఆయన ఎండని లెక్కేసుకున్నారు.

ఆ వచ్చే ఆదివారం నుంచే పాఠం మొదలైంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు పరుగెత్తితే ఉపయోగం లేదన్నారు. పదకొండు గంటలకి, చెట్టు నీడ లేని రోడ్డు చూసి, పది నిమిషాలే పరుగెత్తించారు. తర్వాతి వారం పదిహేను. ఆ పైవారం ఇరవై. వెనకాల స్కూటరు మీద ఆయన, కాళ్ళ మధ్య ఉప్పేసిన మజ్జిగ క్యాను. క్వార్టర్ల వాళ్ళందరూ బాల్కనీల్లోకి వచ్చి చూసేవారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

"ఐసు నీళ్ళు తేవచ్చు కదండీ" అన్నాను ఒకసారి.

"నోటికి బాగుంటాది, కడుపు పట్టేత్తాది. ఇది తాగు. దాహమేసినాక కాదు, ఎయ్యకముందే తాగాల."

ఇవన్నీ ఒక ఎత్తు, లెక్కలడగడం ఒక ఎత్తు. నేను రొప్పుతూ పరుగెడుతుంటే స్కూటరు పక్కకి తెచ్చి హఠాత్తుగా అడిగేవారు.

"ఏడెనిమిదులెంత మేస్టారూ?"

"యాభై ఆరు! లెక్కల టీచర్ని పట్టుకుని అడిగే ప్రశ్నేనా ఇది?"

"అందుకే అడుగుతన్నాను. నువ్వే తప్పు సెప్పినావంటే బుర్ర ఉడికిపోనాదని లెక్క. ఫర్నేసు కాడ మేవు ఇలగే అడుగుతాం. జవాబు ఆలిస్యమైతే మనిషిని పక్కకి లాగేత్తాం."

అలా మూడు నెలలు సాగింది. ఆయనకి డ్యూటీ లేని రోజుల్లో పరవాడ రోడ్డు మీద బొగ్గు లారీల పక్కన సైకిలు తొక్కాను. కాలి పిక్కలు గట్టిపడాలని సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కాను. దర్శనానికి వెళ్ళే కార్లవాళ్ళు అద్దాలు దించి మరీ చూసేవాళ్ళు. ఒకావిడైతే ఏదో మొక్కుబడి అనుకుని నాకు దణ్ణం పెట్టింది.

సముద్రం దగ్గర మాత్రం ఆయన పాఠాలు చెల్లలేదు. ఆయనకి ఈత రాదు. రుషికొండ దగ్గర ఒక పెద్దవయసు జాలరిని మాట్లాడుకున్నాం. నేను ఈదుతుంటే ఆ జాలరి పడవ పక్కనే నడిపేవాడు. మావారు ఆ పడవలో రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నిప్పుల ముందు నిలబడే మనిషి అలా వణకడం చూస్తే నాకు నవ్వొచ్చి, ఉప్పునీళ్ళు గొంతులోకి పోయేవి.

"అమ్మా, కెరటంతో దెబ్బలాడకు. ఇరుగుతున్నాదని తెలిసిందంటే దాని కిందకి దూరిపో. నీ మీంచి అదే ఎలిపోద్ది" అని ఆ జాలరి నేర్పాడు.

పోటీ రోజు సముద్రం నెమ్మదిగా ఉంది. ఈత హాయిగా అయింది. సైకిలు మీద భీమిలి వైపు వెళ్ళి వచ్చేదాకా కూడా బాగానే ఉంది. కానీ ఉత్సాహంలో ఒక తప్పు చేశాను. సైకిలు మీద ఉన్నంతసేపూ గాలి తగులుతుంటే చెమట పట్టట్లేదనుకుని, తాగాల్సిన నీళ్ళలో సగం తాగలేదు. పరుగు మొదలుపెట్టేసరికి పన్నెండు దాటింది. బీచ్ రోడ్డు తారు మీంచి వేడి మొహానికి కొడుతోంది. ఎనిమిది కిలోమీటర్ల దాకా నా కాళ్ళు నా మాట విన్నాయి. ఆ తర్వాత ఏం జరుగుతోందో నాకు సరిగ్గా తెలియలేదు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర మలుపులో ఆయన, జనం రోడ్డు మీదికి రాకుండా కట్టిన తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పదమూడు నాలుగులెంత?" అని అరిచారు.

"నలభై ఎనిమిది!" అన్నాను, చాలా ధీమాగా.

ఆయన తాడు దాటి వచ్చేసి నా పక్కన నడవడం మొదలుపెట్టారు. నా చెయ్యి పట్టుకుని చూశారు. చెయ్యి పొడిగా ఉంది.

"ఆపీ" అన్నారు.

"ఇంకా ఏడు కిలోమీటర్లే కదండీ."

"సెమట ఆగిపోనాది. ఆపీ అంతన్నాను."

మా కాపురంలో ఆయన గొంతు పెద్దది చెయ్యగా వినడం అదే మొదటిసారి. నేను రోడ్డు పక్కన కూలబడ్డాను. అక్కడి డాక్టర్లు వచ్చి చంకల్లో, మెడ మీద ఐసు పెట్టారు, సెలైను ఎక్కించారు. గంట తర్వాత లేచి కూర్చునేసరికి, నా వెనక వచ్చినవాళ్ళు కూడా మెడలో పతకాలు వేసుకుని ఫోటోలు దిగుతున్నారు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంకో గంటలో పూర్తయిపోయేదాన్ని ఆపేశారని లోపల ఉడికిపోయాను. నాలుగు రోజులు 'అన్నం పెట్టాను', 'తలుపేసుకోండి' అన్న రెండు ముక్కలు తప్ప మాట్లాడలేదు. ఆయనా కదిలించలేదు.

అయిదో రోజు సాయంత్రం నేను కూర తరుగుతుంటే వంటింటి గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టారు. ఆయన అడక్కుండా వెల్లుల్లి ఒలిచారంటే ఏదో చెప్పబోతున్నారని అర్థం.

"ప్లాంటుకి రాకముందు నాను చిన్న ఫౌండ్రీలో పనిచేసినాను, తెలుసు గదా" అన్నారు. "అక్కడ నాకొక జతగాడు. మా ఊరోడే. బావా అంటే బావా అనుకునీవోళ్ళం. మే నెల. పోత పోస్తన్నాం. ఆడు నాకు ఏదో సెప్తూ మద్దిలో మాట మర్సిపోనాడు. ఏట్రా బావా అంటే నవ్వేసినాడు. నానూ నవ్వేసినాను. అరగంటకి పడిపోనాడు."

"చచ్చిపోయాడా?" అన్నాను.

"నేదు. బతికినాడు. గానీ మళ్ళీ నిప్పు కాడికి రాలేకపోనాడు. ఎండలో పది నిమిషాలు నిలబడితే సాలు, ఒళ్ళు తూలిపోతాది. ఊరెళ్ళి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నానెప్పుడెళ్ళినా టీ ఇత్తాడు, ఏటీ అనడు." ఇంకో వెల్లుల్లి పాయ తీసుకున్నారు. "నువ్వు నలభై ఎనిమిది అన్నప్పుడు, నవ్వుతూ అన్నావు."

ఆ కిరాణా కొట్టు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మేం ఊరెళ్ళినప్పుడు ఆ మనిషి నాకు జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. ఈయన ఆ కొట్లో కూర్చున్నంతసేపూ ఏమీ మాట్లాడకపోవడం చూసి, వీళ్ళిద్దరికీ ఏం తగాదా వచ్చిందో అనుకున్నాను.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"ఏటని సెప్పీది" అన్నారాయన. ఒలిచిన వెల్లుల్లి నా పళ్ళెంలో వేసి లేచి వెళ్ళిపోయారు. ఆ రాత్రి భోజనం దగ్గర నేనే మాట్లాడించాను. మళ్ళీ పోటీకి పేరు ఇస్తానంటే, వద్దంటారేమో అనుకున్నాను. "ఈసారి సైకిలుకి రెండు సీసాలు కట్టు" అన్నారంతే.

రెండోసారి పోటీ అక్టోబరులో పెట్టారు. ఆరు నెలలు ఎండలో తయారయ్యాను. నీళ్ళు గడియారం చూసుకుని తాగడం నేర్చుకున్నాను. తీరా పోటీకి రెండు రోజుల ముందు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోటీ రోజు తెల్లవారుజామున మేం వెళ్ళేసరికి ఈదురుగాలి, వాన. సముద్రం బూడిదరంగులో లేస్తోంది. ఈత సగానికి తగ్గించామని మైకులో చెప్పారు. మిగతాదంతా మామూలే.

ఆయన మొహం చూస్తే జాలేసింది. స్కూటరు డిక్కీలో నాలుగు తువ్వాళ్ళు, ప్లాస్కులో మిరియాల కషాయం తెచ్చారు. "ఎండైతే నాకు తెలుసును మేస్టారూ. ఇది నాకు తెలీదు" అన్నారు.

"ఇది నాకూ తెలీదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటి కెరటం నన్ను వెనక్కి తెచ్చి ఇసకలో పడేసింది. రెండోదానికి లేవబోయి మళ్ళీ పడ్డాను. మూడోదాని కిందకి దూరాను. ఆ తర్వాత, ఎక్కడ తిరగాలో చూపించడానికి నీళ్ళలో తేల్చిన ఎరుపు బంతి తప్ప ఇంకేమీ చూడలేదు. ఒడ్డుకి వచ్చేసరికి నాతోపాటు దిగినవాళ్ళలో కొందరు ఈదలేక అప్పటికే కాపలా పడవలెక్కేశారు.

సైకిలు మీద అసలు కష్టం మొదలైంది. భీమిలి వైపు వెళ్తుంటే గాలి ఎదురు. ఎంత తొక్కినా నడిచినట్టే ఉంది. ఒకచోట రోడ్డు మీద నీళ్ళు నిలిచి గుంత కనపడక పడిపోయాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. చైను ఊడింది. వేళ్ళు కొంకర్లుపోయి చైను ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. విశాఖపట్నంలో చలికి పళ్ళు టకటకలాడుతాయని ఎవరైనా అంటే అంతకుముందు నేను నమ్మేదాన్ని కాదు. ఆ గుంత పక్కన కూర్చుని ఒక్క నిమిషం ఏడ్చాను. చూసేవాళ్ళు లేరు కాబట్టి ఏడవడం సులువైంది. తర్వాత లేచి తొక్కాను. తిరుగు దారిలో గాలి వెనక నుంచి తోసింది.

పరుగులో అదే మలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. గొడుగు తిరగబడి చువ్వలు బయటికొచ్చి ఉంది, అయినా తల మీద పట్టుకునే ఉన్నారు. నన్ను చూడగానే తాడుకి అవతల చెప్పులతోనే నాతోపాటు పరుగెత్తడం మొదలుపెట్టారు. "మోచెయ్యేటది? నెత్తురేటి?" అని అరుస్తూ యాభై గజాలు వచ్చి, దగ్గు తెర వచ్చి ఆగిపోయారు. "ఎల్లీ, ఎల్లీ, నాకేటీ అవ్వనేదు" అని చెయ్యి ఊపారు.

గడువుకి ఇంకా పదకొండు నిమిషాలుండగా నేను గీత దాటాను. ఎవరో మెడలో ఏదో వేశారు, ఎవరో తువ్వాలు కప్పారు. నేను మాత్రం ఆయన కోసం చూశాను. ఎక్కడా లేరు. అక్కడా ఇక్కడా వెతుకుతూ పోతే, వైద్యుల డేరా దగ్గర ఒక నర్సుని పట్టుకుని, "లెక్కల టీచరండి, పొట్టిగా ఉంటాది, మోసెయ్యి కొట్టుకుపోనాది, ఇక్కడికేటైనా తెచ్చినారేటి?" అని బతిమాలుతున్నారు.

వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాను.

"అయిపోయిందండీ" అన్నాను.

"ఎప్పుడు?"

"పది నిమిషాలయింది."

"అయ్యో, నాను సూణ్ణేదే" అన్నారు. తువ్వాలుతో నా తల తుడుస్తూ అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు.

ఎనిమిది గంటలు వానలో నిలబడినందుకు ఆ సాయంత్రమే ఆయనకి జ్వరం వచ్చింది, నూట రెండు. నాకేమో తుమ్ము కూడా రాలేదు. మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, చారు కాచి, ఆయన మంచం పక్కన కూర్చున్నాను. చారులో మిరియాలు ఎక్కువయ్యాయని ఒకసారి, తక్కువయ్యాయని ఒకసారి పేచీ పెట్టారు. సాయంత్రం పై అంతస్తులోకి ఈమధ్యే దిగిన పెద్దాయన, మా ఇంట్లో ఎవరో పోటీ పూర్తిచేశారని విని, బత్తాయిలు పట్టుకుని అభినందించడానికి వచ్చారు. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మావారినీ, చీర కుచ్చిళ్ళు దోపుకుని గిన్నెలు తోముతున్న నన్నూ చూశారు. నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, బత్తాయిలు దిండు పక్కన పెట్టి, "శభాష్, ఈ వయసులో అంత దూరం!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

మావారు నా వైపు చూశారు. నేను గిన్నెలు తోముకుంటూ ఊరుకున్నాను. ఆయన ఓపిగ్గా మూలిగి, "సానా కట్టమైపోనాదండి" అన్నారు.