యాదగిరి సార్ కిటికీలో పూలకుండీ

నిన్న పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కబోతుంటే అటెండర్ ఫోన్.

"మేడం, యాదగిరి సార్ పోయిండు."

నమ్మలేదు. మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి కలిసే బయటికొచ్చాం. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. వచ్చే నెల రిటైర్మెంట్.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. సార్ మా మున్సిపల్ ఆఫీసులో కొనుగోళ్ల సెక్షన్ సూపరింటెండెంట్. నేను ఆయన కింద ఆరేళ్లు పనిచేశాను.

చందానగర్‌లో ఆయన ఇంటి ముందు ఇంకా పాడె కూడా కట్టలేదు. చెత్త కవర్ల సప్లయర్ మనిషి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇగ చార్జ్ మీదే గద మేడం. రేపు మా కవర్ల ఫైల్ మీద సంతకం అయితదా?"

ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. వారం రోజులుగా ఆ ఫైల్ కోసం పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

సార్‌కి ఒక అలవాటు. మట్టిలో కలిసిపోయే కవర్లంటూ ఎవరు శాంపిల్ తెచ్చినా ఒక ముక్క కత్తిరించి, కిటికీలో పూలకుండీలో పాతిపెట్టేవారు. పక్కనే, ఇదివరకు నిజంగా కలిసిపోయిన రకం ముక్క ఒకటి. తవ్వి చూడాల్సిన తేదీతో కుండీకి ఒక చీటీ. మూడు నెలలు రోజూ నీళ్లు.

ఆఫీసంతా ఆటపట్టించేది. "సార్, మొలకలొచ్చినయా?"

"జర ఆగుర్రి," అని నవ్వేవారు.

రెండేళ్ల కిందట ఆయన సెలవులో ఉంటే నేను తొందరపడ్డాను. సర్టిఫికెట్ ఉంది, సీలు ఉంది, కుండీలో పాతకుండానే ఒక రకం కవర్లకు సంతకం పెట్టేశాను. ఆ కవర్లు తడి చెత్త కోసం నానక్‌రామ్‌గూడ ఇళ్లకు వెళ్లాయి.

కొన్ని నెలల తర్వాత సార్ నన్ను ఎరువు తయారుచేసే యార్డుకు తీసుకెళ్లారు. బాలమణి అనే ఆవిడ ఎరువు కుప్పలోంచి ఆ కవర్ల ప్లాస్టిక్ పీలికలు చేత్తో ఏరుతోంది. రైతులు లోడు వెనక్కి పంపేశారట.

సార్ ఆవిడ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట అన్నారు. "సర్టిఫికెట్ జూసినవ్ గని, కవర్ జూడలే బిడ్డా."

ఈ రోజు ఆఫీసుకు వెళ్లాను. కిటికీలో కుండీ అలాగే ఉంది. మొన్న సాయంత్రం పోసిన నీళ్లకు మట్టి ఇంకా తడిగానే ఉంది.

చీటీ మీద ఈ రోజు తేదీ.

ఆ కింద ఆయన చేతిరాతలో: "తీసి చూడాల్సింది సుజాత."

ఆరేళ్లలో ఏ కుండీనీ ఆయన ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. అంత తప్పు చేసిన నా పేరు రాసి పెట్టుకున్నారు. అక్కడే ఏడ్చేశాను.

తర్వాత తవ్వాను. పాత రకం ముక్క వేళ్ల మధ్య పొడిపొడి అయిపోయింది. ఆ సప్లయర్ ఇచ్చిన కొత్త శాంపిల్‌ని కడిగితే మీద అచ్చేసిన పచ్చటి అక్షరాలతో సహా నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

ఫైల్ మీద "తిరస్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ ముక్కను ఫైల్‌కే పిన్ చేశాను.

అప్పటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. రేపు నా సీటు ఎక్కడ ఉంటుందో తెలియదు.

కవర్ చూశాను సార్. ఇక మీరు ఏ ఫికరూ లేకుండా, ప్రశాంతంగా పడుకోండి.