ఖాసిం వీణలో జీర

వేడెక్కిన తేనెమైనం వాసన పొద్దుటి నుంచి ఇల్లంతా నిండిపోయింది. మా పాత వీణకు మెట్లు మళ్ళీ కూర్చడానికి వచ్చిన పనివాడు వరండాలో కూర్చొని మైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కరిగిస్తున్నాడు. ఆ వాసన తగలగానే వనపర్తిలో మా అత్తగారింటి మేడగది కళ్ళ ముందుకు వచ్చింది. అక్కడ మా మామగారు నరసింగరావుగారు చాప మీద కూర్చొని, ఒక కన్ను మూసుకొని, వీణ దండి ఎక్కడైనా వంగిందా అని ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తుండేవారు. మీరెవరూ ఆయన్ని చూడలేదు కనుక చెబుతున్నాను. ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది, మనసు మాత్రం వెన్న. ఆ రెండో సంగతి తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

వడ్డేపల్లిలో సేద్యం చేసుకునే ఇంటి నుంచి పదహారేళ్ళకు ఆ ఇంటి కోడలినయ్యాను. కలుపు తీసేటప్పుడు పాడే పాటలు తప్ప నాకు సంగీతం తెలియదు. మామగారికి ఐదు వీణలుండేవి. వాయించడం ఆయనకూ అంతంతమాత్రమే, ఆ మాట ఆయనే ఒప్పుకునేవారు. కానీ వీణను చూసి, విని, దాని మంచిచెడ్డలు చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయనదే చివరి మాట. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి బండ్లు కట్టుకొని వీణలు తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. భూముల పెత్తనం తమ్ముళ్ళకు వదిలేసిన మనిషికి ఊళ్ళో మిగిలిన గౌరవం అదొక్కటే. ఆయన బతికేదే దానికోసం అన్నట్టుండేది.

ఏటా ఎండలు తగ్గుముఖం పట్టగానే ఐదు వీణలనూ గోడ నుంచి దించేవారు. కుండను వేలి కణుపుతో తట్టి చూసేవారు. తీగలు బిగించే బిరడలు పట్టుగా ఉన్నాయో లేదో తిప్పి చూసేవారు. తర్వాత ఒక్కో తీగ మీటి, అది పూర్తిగా ఆగేదాకా మాట్లాడేవారు కాదు. ఒకరోజు మజ్జిగ ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే పిలిచారు.

"బిడ్డా, ఇది ఎట్ల మోగింది?"

"బాగుంది మామా," అన్నాను భయంగా.

"బాగుందంటే ఏంది? అన్నం ఎట్లుందంటే బాగుందంటవ్, వీణ ఎట్లుందంటే బాగుందంటవ్. ఏం విన్నవో అది చెప్పు. బాగుందో లేదో ఎనక చూసుకుందం."

ఆయన మళ్ళీ మీటారు. ఈసారి కళ్ళు మూసుకొని విన్నాను. "తీగ ఆగినంక గూడ లోపల జర సేపు మిగిలింది మామా. గా ముందటి వీణల అట్ల మిగల్లే," అన్నాను. మర్నాటి నుంచి మజ్జిగ నేనే తేవాలని కబురొచ్చింది. మా అత్తమ్మ మూతి ముడుచుకుంది, అయినా అడ్డు చెప్పలేదు.

ఆయనకు చెవులు మందగించిన సంగతి ఆ మరుసటి ఏడు నాకు తెలిసింది. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మేడగదిలో మైనం మెత్తబడి ఒక వీణకు పైమెట్లలో ఒకటి కిందికి దిగిపోయింది. స్వరం తప్పుతోందని వంటింట్లో ఉన్న నాకే తెలుస్తోంది. ఆయన మాత్రం మళ్ళీ మళ్ళీ అదే మెట్టు మీద మీటి తల ఊపుతున్నారు. నేను మెల్లగా వెళ్ళి చెప్పాను. ఆయన బొటనవేలితో నొక్కితే మైనంలో గుంట పడింది. ఆ గుంట వంక చూస్తూ, "సన్న సప్పుళ్ళు నాకు ఇనపడ్తలేవు బిడ్డా. ఎవరికీ చెప్పకు," అన్నారు. అంతటి మనిషి నన్ను బతిమాలినట్టు అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరైనా వీణ తెస్తే నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. దోషం లేకపోతే మజ్జిగ చెంబు ఆయన కుడివైపు పెట్టాలి, ఉంటే ఎడమవైపు. గాజులు గలగలలాడిస్తే సరిపోదా అని మొదట నేనే అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

రెండేళ్ళు అలా గడిచాయి. యుద్ధం రోజులు, కిరసనాయిలుకు కటకటగా ఉన్న కాలం. అప్పుడు గద్వాల నుంచి ఖాసిం వచ్చాడు. తలుపులు, బండిచక్రాలు చేసే వడ్రంగి. ఎక్కడి నుంచో పనస దుంగ తెప్పించుకొని, ఏడాది పాటు చెక్కి, తన చేతులతో మొదటి వీణ చేశాడు. అది మంచిదని మామగారు ఒక్క మాటంటే ఇక బండిచక్రాలు మానేసి ఈ పనిలోనే ఉండిపోవాలని అతని ఆశ. వీణను చంటిబిడ్డను దించినట్టు చాప మీద దించాడు.

మామగారు మీటారు. పైతీగలు చక్కగా పలికాయి. కింది స్థాయిలో, మంద్రంలో తీగ మీటగానే కుండ, దండి కలిసే చోట ఎక్కడో సన్నగా జిర్రుమంది. నేను చెంబు ఎడమవైపు పెట్టాను. ఆయన చూశారు. చూసి కూడా, కుండ మీద అరచెయ్యి ఆనించి, "ఎంత బలం ఉన్నదిరా దీంట్ల! చెయ్యి అదురుతున్నది. మంచి వీణ ఖాసిం, మంచి వీణ," అన్నారు. తన చెవిని నమ్మలేని మనిషి ఆరోజు తన చేతిని నమ్మారు. ఏడాది కష్టపడ్డ ఖాసిం మీద జాలి కూడా దానికి తోడైంది.

మగవాళ్ళు కూర్చున్న చోట కోడలు నోరు విప్పకూడదు. కానీ ఆ వీణ అలాగే బయటికి పోతే నలుగురిలో తలవంచుకోవాల్సింది ఖాసిమే. "మామా, మంద్రంల జీర ఉన్నది," అనేశాను.

"లోపలికి పో!" అని అరిచారు. తలుపు వెనక్కి వచ్చేశాను. నన్ను పుట్టింటికి పంపేస్తారనే అనుకున్నాను. అంతలో ఖాసిం గొంతు వినిపించింది. "దొరా, తప్పనుకోకుండ్రి. నాకు గూడ అనుమానమే ఉండె. మీరు మంచిగున్నదంటే నా చెవే తప్పేమో అనుకున్న."

ఆ తర్వాత మామగారు నా పేరు పెట్టి పిలిచారు. వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను. ఆయన నా వైపు చూడకుండా ఖాసింతో అన్నారు: "నీ చెవి తప్పు కాదు ఖాసిం. తప్పు నాది. నాకు ఇనపడక మూడేండ్లాయె. గీ రెండేండ్లు నేను చెప్పినయన్నీ మా కోడలు చెప్పిన మాటలే. ఆమెను అడుగు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి ఇంకా వీణ మీదే ఉంది.

ఖాసిం అతుకు విప్పి మళ్ళీ వేసుకొని మూడు నెలలకు తిరిగొచ్చాడు. ఈసారి నేను తలుపు వెనక లేను, చాప అంచున కూర్చున్నాను. ఇప్పుడు మంద్రంలో జీర లేదని, విన్నది విన్నట్టు చెప్పాను. ఆ వీణను మామగారే ఆరోదిగా ఉంచుకున్నారు. తర్వాత వీణలు తెచ్చినవాళ్ళు నన్నే అడిగేవాళ్ళు. కొందరు మొహం చిట్లించుకొని వెళ్ళిపోయారు కూడా. మామగారు పక్కన కూర్చొని, నేను మాట్లాడుతుంటే నా పెదవుల వంకే చూస్తూ తల ఊపేవారు. అంత ప్రేమగా నా మాట మరెవరూ వినలేదు.

ఇవాళ వరండాలో మెట్లు కూర్పించుకుంటున్నది ఆ ఖాసిం వీణే. పనివాడు చివరి మెట్టు సరిచేసి, మంద్రం నుంచి తారం దాకా మీటి, "ఎట్లుంది పెద్దమ్మా? మీరు మస్తు తెలిసినోళ్ళట గదా," అన్నాడు. కుండ మీద అరచెయ్యి ఆనించాను. అదురు బలంగా తగిలింది. పైస్థాయిలో మాత్రం నాకేమీ వినపడలేదు. వినపడక ఏడాది దాటింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బాగుందని అనబోయాను. ఆ ఒక్క మాట మింగడానికి ఎంత కష్టమైందో చెప్పలేను. మామగారు ఆరోజు ఏం చేశారో నాకు ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

"నాకు వినపడలేదు నాయనా. మా మనవరాలిని అడుగు," అన్నాను.

పక్కనే కూర్చున్న ఆ పిల్ల ఉలిక్కిపడి నా వంక చూసింది. తర్వాత వీణ వంక చూసి, "బాగుంది నానమ్మా," అంది.

"బాగుందంటే ఏందే? ఏం విన్నవో అది చెప్పు."