మద్రాసుకు సున్నం

నాయినమ్మ సున్నపు గడ్డలు తెప్పించేనాటికే నాకు తెలుసు, మద్రాసులో వాళ్ల నాన్న సమాధి లేదని. తెలిసీ ఆ సంచిని బజారు నుంచి మోసుకొచ్చింది నేనే.

నాయినమ్మ పుట్టిన ఏడాదే ఆమె తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు. ఎక్కడ పాతిపెట్టారో ఎవరూ చెప్పలేదు. పింఛను కాగితాలు మద్రాసు నుంచి వచ్చేవి కాబట్టి మనిషి కూడా అక్కడే ఉంటాడని మా ఇంట్లో ఖాయం చేసుకున్నారు. ఈ లెక్కన మమ్మల్ని ఎవరైనా వెతకాలంటే మాకు బిల్లు పంపే కరెంటు ఆఫీసుకు పోవాలి. ఈ జోకు ఇంట్లో చాలాసార్లు వేశాను.

మా నాన్న, అంటే బాపు, బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యాక ప్రయాణం నిశ్చయమైంది. ఏర్పాట్లన్నీ నావే. మంచిర్యాలలో సాయంత్రం రైలెక్కితే పొద్దున మద్రాసు. అక్కడి నుంచి కారు. ముందుగా, యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధుల తోట, తర్వాత కోటలోని మ్యూజియం, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద నుంచి ఫిరంగి గుండ్లు వచ్చి పడిన చోటు. చివరి రెండూ నా సరదా. నాయినమ్మకు కావలసింది మొదటిదొక్కటే.

మాది మిషను చర్చి కుటుంబం. ఈస్టర్‌కు ముందు మావాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. బొగ్గు దుమ్ముకు ఆ తెలుపు నెల కూడా నిలవదు. అయినా ఎనభై దాటిన నాయినమ్మ ప్రతి ఏడూ కుంచె పట్టుకుంటుంది. తాతకు, ఆడబిడ్డకు వేశాక బకెట్లో మిగిలింది ఎవరూ రాని సమాధులకు పూసి వస్తుంది. కన్నతండ్రికి మాత్రం ఇంతవరకు ఒక్క పూత కూడా వేయలేదు.

కారు ఎక్కడ ఆపాలో కనుక్కుందామని ఆ తోటకు ఫోన్ చేశాను. అక్కడితో ఊరుకోక ముత్తాత పేరూ ఊరూ చెప్పాను, సున్నం సంగతి కూడా అడిగాను. ఎత్తినాయన మర్నాడు తనే ఫోన్ చేశాడు. వచ్చీరాని హిందీలో రెండు ముక్కలు చెప్పాడు. మీ మనిషి ఇక్కడ లేడు, శవం దొరకనివాళ్ల పేర్లు చెక్కిన గోడ బర్మాలో ఉంది, పేరు దాని మీద ఉంది. రెండోది, ఇక్కడి రాళ్లకు సున్నం వేయనివ్వం, మెత్తటి బ్రష్‌తో నీళ్లు పెట్టి కడగడమే.

చెబుదామనే ఇంటికి పోయాను. నాయినమ్మ కొత్త కుంచె నానబెడుతోంది.

"అవ్వా, సున్నం రైల్ల తీస్కపోతవా? ఎవని నీళ్ల సీసనన్న ఒలికితే బోగి బోగి ఉడుకుతది," అంటున్నాడు బాపు వాళ్లమ్మతో.

"నీ నీళ్ల సీస నువ్వు పట్టుకో. సున్నం నేను పట్టుకుంట." ఆమె నా వైపు తిరిగింది. "ఏంరా, ఎప్పుడు ఏదో ఒకటి కూసేటోనివి, నోట్ల ఏమన్న పెట్టుకున్నవా?"

"మీ బాపు మిలట్రీ మనిషి నాయినమ్మా. పూత సక్కగ లేకపోతే లేచి మల్ల ఎయ్యమంటడు."

ఆమె కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఒకరిని నవ్వించి ఇంత సిగ్గుపడడం నాకదే మొదలు.

తర్వాత టికెట్లు తీశాను. ఆమెకు కింది బెర్తు దొరికేదాకా నానా తంటాలు పడ్డాను, బెర్తు దొరికితే సమాధి కూడా దొరుకుతుందన్నట్టు.

ప్రయాణం ముందటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాయినమ్మే మాట తీసింది. "మా బాపు పక్కపొంటి ఎవలున్నరో ఏమో. గాల్లకు గూడ ఇంత పుయ్యాలె. లేకుంటే మా బాపుకు బాగనిపియ్యది."

ఈసారి జోకు వేయకుండా ఆమె పక్కన కూర్చున్నాను.

"మీ బాపు గాడ లేడు నాయినమ్మా," అన్నాను. బర్మా గోడ సంగతి చెప్పాను.

బాపు చేతిలో పేపరు కిందికి దిగింది. "నీకు ఎప్పటికెల్లి ఎరుకరా?"

"టికెట్లు తియ్యకముందే."

"మరి గా సంచి ఎందుకు తెచ్చినవ్?"

నాయినమ్మ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. కుంచె ఒళ్లో పెట్టుకుని దాని పోచలు ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చుంది. కాసేపటికి, "బర్మల గూడ బకెట్ల మిగులుతది గద," అంది.

"ఏంది నాయినమ్మా?"

"సున్నం. గాడోల్లు ఆల్ల మనుషులకు ఏసుకున్నంక, మిగిలింది మా బాపుకు పూసే ఉంటరు. గిన్నేండ్ల సంది ఎవలో ఒకలు పూసే ఉంటరు. మరి మనం ఊకుంటే ఎట్ల? మద్రాసుల గూడ ఎవ్వలు లేనోల్లు ఉంటరు. టికెట్లు ఉండనియ్."

ఫోనాయన చెప్పిన రెండో ముక్క, అక్కడ సున్నం వేయనివ్వరన్నది, ఇంకా నా దగ్గరే ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే సంచి మూతి గట్టిగా ముడివేసి నా చేతికిచ్చింది.

"నువ్వే పట్టుకోరా. నిజం చెప్పినవ్. మీ బాపును నమ్మ, నీళ్లు ఒలకవోస్తడు."

రేపు సాయంత్రమే రైలు. సంచి నా మంచం కింద ఉంది. బజారుకు పోయి మెత్తటి బ్రష్ ఒకటి కొన్నాను. నా బ్యాగులో బట్టల అడుగున, చేతికి తగలకుండా దాచాను.